తువ్వాల కింది మాట

ఆదెప్ప కూతురు గౌరి మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నప్పుడు నేను వీధి పిల్లలకు ఒక మేక సంగతి చెబుతున్నాను. కరువు ఏట మా కోసిగిలో మేత దొరక్క ఆ మేక రైలు పట్టాను కొస నుంచి నమలడం మొదలుపెట్టిందనీ, బొంబాయి నుంచి వచ్చే రైలును ఆపేసి స్టేషను మాస్టరు దాని గడ్డం పట్టుకుని బతిమాలాడనీ. పిల్లలు పడీ పడీ నవ్వారు. గౌరి నవ్వలేదు. వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి, నా వైపు తిరిగింది.

"తాతా, నువ్వు నోరు తెరిస్తే అబద్ధమే గదా," అంది.

"అది ఊళ్ళో వాళ్ళు నా మీద పుట్టిచ్చిన మాట. నిద్దట్లో నేను నిజాలే మాట్లాడతా. కావాలంటే మా ఇంట్లో మీ అవ్వని అడుగు."

"ఎద్దుల కాడ మాత్రం అబద్ధం సెప్పలేదంట గదా. మా నాయన అన్నాడు."

అది నిజమే. ఎమ్మిగనూరు జాతరలో నేను చాలా ఏళ్ళు ఎద్దుల దళారిగా తిరిగాను. ఆ పనిలో ఒక్కసారి అబద్ధం చెప్పినవాణ్ణి మరుసటి ఏడు ఎవరూ పిలవరు. అందుకే నా అబద్ధాలన్నీ దాచిపెట్టుకుని ఊళ్ళోకి తెచ్చి ఖర్చు చేసేవాణ్ణి.

"అట్లయితే నన్ను సూసి సెప్పు తాతా. నాలో యాడ తప్పుండాది?"

"ఏదీ, ముందు పండ్లు సూపీ," అన్నాను, ఎద్దు వయసు చూసేవాడిలా.

ఆ పిల్ల మొహం తిప్పుకుంది. అంత చిన్న వేళాకోళానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే లోపల ఎంత నిండిపోయి ఉందో అర్థమై నోరు మూసుకున్నాను.

గౌరి ఆదోనిలో బీకాం చదివింది. పాసైనప్పటి నుంచి ఉద్యోగాల చుట్టూ తిరుగుతోంది. ఆసుపత్రిలో చీటీలు రాసే పనికి వెళ్ళింది, మోటారుబళ్ళ దుకాణానికి వెళ్ళింది, చివరికి ఆదోనిలో యూసుఫ్ సాబ్ జిన్నింగు మిల్లుకు వెళ్ళింది. అందరూ కూర్చోబెట్టి మాట్లాడారు. అందరూ "ఫోన్ చేస్తాం" అన్నారు. ఎవరూ చేయలేదు. ఎందుకు వద్దన్నారో ఒక్కరూ చెప్పలేదు. స్నేహితురాళ్ళను అడిగితే "సూపర్‌గా చేసింటావ్‌లే" అన్నారట. చదువు చెప్పిన సారును అడిగితే "ఆల్ ది బెస్ట్ అమ్మా" అన్నాడట.

ఇక రేపు కాక ఎల్లుండి సాయంత్రం లారీ వస్తుంది. మిరపకాయల కోతకు గుంటూరు వైపు తీసుకుపోయే వాళ్ళలో మేస్త్రి హనుమన్న ఆదెప్పతో, దేవమ్మతో పాటు వాళ్ళ కూతురి పేరు కూడా చేర్చుకున్నాడు. ఆలోపు ఉద్యోగం దొరికితే గౌరి ఊళ్ళో ఉంటుంది. లేకపోతే లారీ ఎక్కుతుంది. ఆమెతో కలిసి చదివిన సుధ "ఈ ఒక్క సుగ్గికే" అని ఎక్కింది. సుగ్గి అంటే మా వైపు కోతలకు వలసపోవడం. ఇప్పుడు సుధ ఎప్పుడు వస్తుందో, ఏ తోటలో ఉందో వాళ్ళ అమ్మకే సరిగ్గా తెలియదు.

"కోతంటే భయం లేదు తాతా. సిన్నప్పటి నుంచి కోసినా. ఒకసారి ఎక్కినాక మళ్ళీ దిగల్లని అనిపించదేమోనని భయమైతాంది."

"యూసుఫ్ సాబ్ నాకు తెల్సు," అన్నాను. "పొద్దున్నే పోదాం. ఆయన్నే అడుగుదాం."

"ఆయన సెప్తాడా?"

"నాకు సెప్తాడు."

ఆ మాట అనేటప్పుడు నేనే నమ్మలేదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు.

మరునాడు ఆదోని బస్సులో గౌరి తన ఫైలును ఒళ్ళో పెట్టుకుని దారి పొడవునా మాట్లాడలేదు. నేను రెండు కథలు మొదలుపెట్టి రెండూ మధ్యలో వదిలేశాను. వినేవాళ్ళు లేకపోతే అబద్ధం కూడా చప్పగా ఉంటుంది.

మిల్లులో పత్తి కుప్పలు మేడలంత ఉన్నాయి. గాలినిండా దూది. అక్కడ ఒక పూట నిలబడితే ఎవడైనా నా వయసువాడైపోతాడు, కనుబొమలతో సహా. యూసుఫ్ సాబ్ కాటాకు ఎదురుగా ఉన్న గదిలో కూర్చుని ఉన్నాడు. ఆయన ఇప్పుడు పత్తి వ్యాపారి గానీ, ఆయన నాయన ఎద్దుల బేరగాడు. కుర్రవాడిగా ఉన్నప్పుడు యూసుఫ్ నాయన వెంట జాతరకు వచ్చి నా పక్కన కూర్చునే బేరం నేర్చుకున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"అరే తిక్కయ్యా! ఇంకా బతికే ఉండావా?"

"రెండుసార్లు సచ్చినా సాబ్. ఆడ తిండి బాగలేక వచ్చేసినా."

నవ్వాడు. టీ తెప్పించాడు. గౌరిని గుర్తుపట్టాడు. వచ్చిన పని చెప్పాను. ఆయన మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు.

"బేటీ బాగనే మాట్లాడింది తిక్కయ్యా. మంచి పిల్ల. చూస్తాం. ఫోన్ చేస్తాం."

గౌరి తలవంచుకుని "సరే సార్" అంది. అంతే. ఇంకొక నిమిషం ఆగితే లేచి వచ్చేసేవాళ్ళమే. నేను భుజం మీది తువ్వాల తీసి బల్ల మీద పరిచాను.

దీని సంగతి చెప్పాలి. మా ఎద్దుల సంతలో ఒక పద్ధతి ఉండేది. ఎద్దును తెచ్చినవాడి ఎదుట దాని వంక పైకి అనకూడదు. అంటే ఆ మాట సంతంతా పాకి ఆ ఎద్దు ఇక అమ్ముడుపోదు. అందుకని ధరైనా, వంకైనా తువ్వాల కిందే. ఇద్దరి చేతులూ దాని కిందికి పోతాయి. పైన మొహాలు వానల గురించి మాట్లాడుకుంటుంటే కింద వేళ్ళు అసలు సంగతి చెప్పుకుంటాయి. బొటనవేలు నొక్కితే కాలు కుంటు అని. మణికట్టు పట్టుకుంటే మెడ మీద పుండు అని. అరచేతిలో వేళ్ళు వణికిస్తే బెదురు అని. ఆ మాట అక్కడే ఉండిపోవాలి. తువ్వాల కింది మాట బయట పెట్టిన దళారితో మళ్ళీ ఎవరూ చేయి కలపరు.

యూసుఫ్ సాబ్ తువ్వాలను చూశాడు, నన్ను చూశాడు.

"క్యా తిక్కయ్యా, ఈ వయసులోనా?"

"అలవాటు సాబ్. పెట్టు సెయ్యి."

ఆయన నవ్వుతూనే చేయి పెట్టాడు. నేను కింద నుంచి ఆయన వేళ్ళు పట్టుకున్నాను. "ఉరుకుంద జాతరలో ఈసారి జనం ఎట్లుండిరి?" అని పైకి అడిగాడు. "బస్సుల మీద బస్సులు సాబ్," అన్నాను. అప్పుడు నా అరచేతిలో ఆయన వేళ్ళు వణికాయి. ముసలితనపు వణుకేమో అనుకున్నాను. ఆయన నా కళ్ళలోకి చూసి మళ్ళీ వణికించాడు, ఈసారి గట్టిగా.

కుంటికి మందుంది, పుండుకు పసరుంది. బెదురు గొడ్డును బండికి కట్టేవాడు మాత్రం లేడు. హారను కొడితే చాలు, బండితో సహా కాలవలోకి లాక్కుపోతుంది.

బయటికి వచ్చి గేటు పక్కన నిలబడ్డాం.

"ఏమన్నాడు తాతా?"

"ఆదోనిలో ఇట్లాంటి మిల్లే ఒకటి ఉండె పాపా. దాంట్లో ఒకడు దూది కుప్పలో పడి..."

"తాతా."

"పడి, మూడు దినాలు ఈదతానే..."

"తాతా, కత వద్దు. సెప్పు."

సంతలో వందమంది ఎదుట నిలబడినవాణ్ణి, ఇరవై రెండేళ్ళ పిల్ల ఎదుట నిలబడలేక గేటు ఇనుప కమ్మీ పట్టుకున్నాను. చెప్తే పద్ధతి తప్పినవాణ్ణి అవుతాను. చెప్పకపోతే ఈ పిల్ల రేపు లారీ ఎక్కుతుంది, ఎందుకు ఎక్కిందో తెలియకుండానే.

"బెదురంట," అన్నాను.

"గొడ్డుకా నాకా?"

"నీకే."

"నేనేం బెదర్లేదు. అడిగిందానికంతా జవాబు సెప్పినా. యాడ బెదిరినానంట?"

"వేళ్ళతో అంత పొడుగు మాట రాదు పాపా."

ఆమె మిల్లు వైపు చూసింది. చేతులు చున్నీకి తుడుచుకుంది. "నేనే అడుగుతా," అని నాలుగు అడుగులు వేసి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆగలేదు. నేను వెనకాల పరుగు లాంటి నడకతో వెళ్ళాను. నా భయం నాది. యూసుఫ్ సాబ్‌కు కోపం వస్తే సాయంత్రానికి ఆదోనిలో ప్రతి మిల్లుకూ, ప్రతి మండీకీ గౌరి పేరు చేరిపోతుంది. ఆ పేరు మోసిన దళారిగా నా పేరు కూడా.

గదిలోకి వెళ్ళి ఆమె కుర్చీ వెనక నిలబడింది. కూర్చోలేదు.

"సార్, నేను యాడ తప్పు పోయినా?"

"తప్పేం లేదు బేటీ. బాగనే చేసినావు."

"కాదు సార్."

బయట జిన్నింగు యంత్రం గరగరలాడుతూనే ఉంది. గౌరి ఫైలును కుర్చీ వీపుకు ఆనించి పట్టుకుంది.

"బాగనే సేసింటే ఫోన్ వచ్చుండేది. తాత సేతిలో మీరు వేరే మాట పెట్టినారు."

యూసుఫ్ సాబ్ ఆమెను కాదు, నన్ను చూశాడు. ఆ చూపుకు నేను తలుపు వెనక్కి జరిగాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కూర్చో," అన్నాడు.

కూర్చుంది.

"ఆ దినం నిన్ను కాటా కాడికి తీస్కపోయినా. పత్తి ట్రాక్టరు వచ్చింది. నిండు బండి తూచేటప్పుడు డ్రైవరు యాడుండె?"

"సీటు మీద సార్."

"పత్తి దించినాక, ఖాళీ బండి తూచేటప్పుడు?"

"దిగి బీడీ తాగుతాండె."

"అంటే డ్రైవరు బరువు కూడా పత్తి కింద లెక్క. తూకం సరిగ్గా ఉందా అని అడిగినా. ఏమన్నావు?"

"సరిగ్గా ఉంది సార్ అన్నా."

"అది నువ్వు చూడలేదా? చూసి అన్నావా?"

చూడలేదని చెప్పు తల్లీ అని లోపల మొక్కుకున్నాను. చూపు తప్పితే చిన్న తప్పు.

"సూసినా సార్."

"చూసి?"

"మీరు తల ఊపినారు. సరే అన్నట్ల."

"కావాలనే ఊపినా!" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. "వచ్చిన ప్రతి ఒక్కరికీ అట్లే ఊపినా. నా మొహం చూసి తూకం చెప్పేవాళ్ళు రేపు డ్రైవరు మొహం చూసి చెప్తారు. నీకు లెక్క తెల్సు, కన్ను ఉంది. భయం దాని మీద కూర్చునుంది. ఇంత ముఖం మీద చెప్పల్లంటే నాకు బాధ. అందుకే ఫోన్ చేస్తానన్నా."

గౌరి ఎవరితోనూ కాక తనలో తాను అనుకున్నట్టు చెప్పింది.

"నా సిన్నప్పుడు మిరప తోటలో మా అమ్మ ఒకసారి కాటా కాడ అనింది సార్, తక్కువ సూపిస్తాండారు అని. గట్టిగా గూడ అన్లే. మర్సటి దినం నుంచి మమ్మల్ని తోటలోకి పిలవలేదు. గుడిసెలో కూర్చున్యాం, అందరూ కోసి వస్తాంటే సూస్కుంట. అమ్మ అప్పట్నుంచి కాటా దిక్కే సూడదు."

యూసుఫ్ సాబ్ కళ్ళజోడు తుడిచి, తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"కాటా కాడికి నిన్ననే వేరే పిల్లను తీసుకున్నా," అన్నాడు చివరికి. "సైమా అని. 'డ్రైవరును మళ్ళీ ఎక్కించండి' అనింది. ఇప్పుడు నీకు ఆశ పెట్టి పంపితే అది మళ్ళీ అబద్ధమే అయితాది."

"సరే సార్," అంది గౌరి లేస్తూ. గుమ్మం దగ్గర ఆగి, "సెప్పినారు, సాలు," అంది.

నేను కూడా వెళ్ళబోతుంటే ఆయన పిలిచాడు. "తిక్కయ్యా, ఇంక నీ తువ్వాల కింద నా చెయ్యి పెట్టను." నవ్వుతూ అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియలేదు. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

గౌరికి ఆ మధ్యాహ్నమే ఎమ్మిగనూరులో ఇంకొక చోట రమ్మని ఉంది. సరస్వతి అనే ఆమె చేనేత దుప్పట్లు, టవళ్ళు టోకున అమ్ముతుంది. బిల్లులు కొట్టడానికీ, ఫోన్లో ఆర్డర్లు రాసుకోవడానికీ మనిషి కావాలట. బస్సులో గౌరి నా భుజానికి తగిలి కూర్చుంది.

"పోకుండా ఇంటికి పోదామా తాతా?"

"ఇంటికి పోయే బస్సు పంచరంట," అన్నాను.

"నీకెట్ల తెల్సు?"

"నాకన్నీ తెల్సు."

నవ్వలేదు గానీ దిగిపోలేదు కూడా.

దుకాణంలో కొత్త నూలు వాసన. నన్ను వాకిట్లో బేళ్ళ పక్కన కూర్చోబెట్టారు. లోపలి మాటలు వినిపిస్తున్నాయి. సరస్వతి ఏవో అడిగింది, గౌరి చెప్పింది. కంప్యూటరు మీద ఒక బిల్లు కొట్టమంది. టక్కు, టక్కు, మధ్యలో చాలా ఖాళీ. ఆ ఖాళీల్లో నేను ఎన్ని దేవుళ్ళకు మొక్కానో, వాళ్ళంతా వసూలుకు వస్తే మా ఇల్లు చాలదు.

"సరే అమ్మా. ఫోన్ చేస్తాం," అంది సరస్వతి.

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించింది. అయిపోయింది అనుకుని నేను లేచాను. ఆ కుర్చీ మళ్ళీ ముందుకు జరిగింది.

"ఫోన్ వద్దు మేడం." గౌరి గొంతు గాజులా ఉంది, ముట్టుకుంటే పగిలేటట్టు. "బాగలేకపోతే బాగలేదని ఇప్పుడే సెప్పండి. యాడ బాగలేదో గూడ సెప్పండి. రేపు సాయంత్రం దాటితే నా ఫోన్ తగలదు."

"ఇదేంటమ్మా కొత్తగా? దాచుకోకుండా చెప్పమంటావా?"

"సెప్పండి."

"నువ్వు చాలా నెమ్మది. దుప్పటికి టవలు రేటు వేశావు. అడిగిన ప్రతిదానికీ నేలను చూస్తూ జవాబిస్తున్నావు. కొనేవాళ్ళు వచ్చినప్పుడు అట్లా చూస్తే బట్టలో ఏదో మచ్చ దాస్తున్నావనుకుంటారు."

గోడకు ఇవతల నాకే చెంప మీద కొట్టినట్టయింది. లోపల ఆ పిల్లకు ఎట్లా ఉందో.

"ఇంకా మేడం?"

"ఇంకేముంది. లెక్క వచ్చు, దానికి వంక లేదు." లోపల కాగితం మడిచిన చప్పుడైంది. "వారం రోజులు వచ్చి చూడు. వారానికి కూలి ఇస్తాను. చేతకాకపోతే ఇట్లాగే మొహం మీద చెప్పి పంపేస్తాను. ఉద్యోగం ఇచ్చానని మాత్రం అనుకోవద్దు."

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. గౌరి ఫోన్ చేతిలో పెట్టుకుని దాన్నే చూస్తోంది. వారం కోసం లారీ వదులుకోవాలి. వారం తర్వాత పొమ్మంటే ఇటు ఉద్యోగమూ లేదు, అటు కోతా లేదు. ఇంట్లో అమ్మా నాయనా కూడా ఉండరు.

"ఏం సేయల్ల తాతా?"

నోటి దగ్గరికి ఒక కథ కూడా రాలేదు. "నాకూ భయమైతాంది పాపా," అన్నాను. "ఉండేదానికి మా ఇల్లుంది, మీ అవ్వుంది. అంతవరకే నేను సెప్పగలను."

ఆమె మేస్త్రికి ఫోన్ కలిపి, నాకూ వినిపించేలా పెట్టింది.

"హనుమన్నా, నేను గౌరిని. రేపు నేను లారీకి రాను."

"ఏం, ఉద్యోగమొచ్చిందా?"

"రాలే. వారం దినాలు సూస్తారంట."

అవతల నవ్వు. "వారం సూసి తరిమితే ఏం సేస్తావు? అప్పుడు నాకు ఫోన్ సేస్తే ఎత్తను సూడు. మనుషుల్ని లెక్క సెప్పేసినా తోట వాళ్ళకి. ఇప్పుడు ఒకరు తగ్గితే నా మొహం ఏం గావల్ల?" గొంతు మారింది. "మీ అమ్మ సంగతి గుర్తుంది గదా. మళ్ళీ సుగ్గికి ఆమెను పిలుస్తానో లేదో నాకే తెలీదు."

గౌరి కళ్ళు మూసుకుంది. బస్టాండులో ఏదో బస్సు పేరు అరుస్తున్నారు. ఆమె ఫోన్‌ను నోటికి దగ్గరగా పట్టుకుంది.

"పిలవకపోతే పిలవొద్దు. నేను రాను అన్నా."

ఫోన్ పెట్టేసింది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మకు ఏమని సెప్పల్ల?" అంది.

"నువ్వన్న మాటే సెప్పు."

కొంచెం సేపటి తర్వాత నా వైపు తిరిగింది. "తాతా, ఎట్ల మాట్లాడినా? నిజం సెప్పు."

"గొంతు వణికింది," అన్నాను. "మొదట్లో 'రాలే, వారం దినాలు' అని సంజాయిషీ ఇచ్చుకున్యావు. అది అక్కర్లేదు. రాను అంటే సాలు."

"ఇంకా?"

"బస్సు వచ్చింది, లెయ్," అన్నాను. "ఇంకా సానా ఉండాయి. దారిలో సెప్తా."